దెయ్యం అవసరం లేని భయం

1965 ఫిబ్రవరిలో ఒక రాత్రి అమెరికా టీవీలో 'యాన్ అన్‌లాక్డ్ విండో' అనే ఎపిసోడ్ వచ్చింది. 'ది ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అవర్' సిరీస్‌లో అదొక గంట కథ. నర్సులను వరసగా చంపుతున్న హంతకుడు ఇంకా దొరకలేదని రేడియో చెబుతూ ఉంటుంది. బయట గాలివాన. విసిరేసినట్టున్న పాత ఇంట్లో మంచం పట్టిన గుండెజబ్బు రోగి, ఆయన్ని కనిపెట్టుకుని ఇద్దరు నర్సులు, మందు అలవాటున్న వంటమనిషి. స్టెల్లా అనే నర్సు ఇల్లంతా తిరిగి తలుపులకు గడియలు వేస్తుంది, కిటికీలు మూస్తుంది. కింద నేలమాళిగలో ఒక కిటికీ రెక్క మాత్రం గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. అది ఆమె కంట పడదు. చూస్తున్న మనకు కనిపిస్తుంది. అక్కణ్నుంచి ప్రేక్షకుడి ప్రాణమంతా ఆ కిటికీ మీదే. వాడు లోపలికి ఎప్పుడొస్తాడు?

వాడు రావలసిన పనే లేదు. మొదటి నుంచీ లోపలే ఉన్నాడు. చివర్లో రెండో నర్సు తల మీద నుంచి విగ్గు ఊడుతుంది. అంతసేపూ స్టెల్లాకు ధైర్యం చెబుతూ, తోడుగా తిరుగుతూ, రోగికి సేవ చేసిన ఆ 'నర్సు' ఒక మగాడు. స్టెల్లా వేసిన గడియలన్నీ వాడికే పనికొచ్చాయి.

హారర్ సిరీస్‌లో మనిషి అయిన హంతకుడు ఎందుకు భయపెడతాడో ఈ ఒక్క ఎపిసోడ్ చూస్తే చాలావరకు అర్థమవుతుంది. దెయ్యానికి శ్మశానం, పాడుబడ్డ బంగళా, అమావాస్య కావాలి. మనిషి హంతకుడికి ఒక ఉద్యోగం, కాస్త మర్యాద, మన ఇంట్లోకి రావడానికి ఒక కారణం చాలు. ఈ సంగతిని టీవీ రచయితలు ఒక్క రోజులో కనిపెట్టలేదు. డబ్బు లేక, రక్తం చూపించే వీలు లేక, సెన్సారు అధికారులతోనూ ప్రకటనదారులతోనూ సర్దుకుపోతూ దశాబ్దాలపాటు నేర్చుకున్నారు. ఆ నేర్చుకున్న దారే ఈ కథ.

దారి మొదలైన చోటు టీవీ స్టూడియో కూడా కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్లెయిన్‌ఫీల్డ్ అనే పల్లె, వెయ్యి మంది జనాభా కూడా లేని ఊరు. 1957 నవంబరులో అక్కడ హార్డ్‌వేర్ దుకాణం నడిపే ఒక స్త్రీ మాయమైంది. దుకాణంలో ఆఖరుగా రాసిన రసీదు యాంటీఫ్రీజ్‌ది. కార్ల ఇంజన్లలో నీళ్లు గడ్డకట్టకుండా పోసే ద్రవం అది. దాన్ని కొనడానికి వస్తానన్న మనిషి ఎడ్ గీన్. పోలీసులు అతని ఇంటికి వెళితే ఆమె మృతదేహం దొరికింది. సమాధుల్లోంచి తవ్వి తెచ్చిన శవాల భాగాలతో చేసిన వస్తువులూ దొరికాయి. గీన్ ఊరికి కొత్తవాడేం కాదు. ఇళ్లలో చిన్నాచితకా పనులు చేసేవాడు. ఇరుగుపొరుగు వాళ్లు తమ పిల్లలను చూసుకోమని అతనికి అప్పజెప్పి వెళ్లేవారు.

అప్పట్లో ప్లెయిన్‌ఫీల్డ్‌కు ఎంతో దూరం లేని వెయావెగా అనే ఊళ్లో రాబర్ట్ బ్లాక్ అనే రచయిత ఉండేవాడు. ఆయన్ను పట్టుకున్నది శవాల వివరాలు కావు. ఒకరి సంగతులు ఒకరికి తెలిసే పల్లెలో, పక్కింటివాడు ఇన్నేళ్లు ఇలా బతికితే ఎవరికీ అనుమానం రాలేదే అన్న ప్రశ్న. అందులోంచి పుట్టిన నవల 'సైకో' 1959లో వచ్చింది.

దానికి నాలుగేళ్ల ముందే సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ టీవీలోకి వచ్చాడు. 1955 అక్టోబరు 2న సీబీఎస్ చానల్‌లో 'ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్' మొదలైంది. తర్వాత గంట కథల 'అవర్'గా మారింది ఇదే. మొదట్లో అరగంట కథ, అందులోనే ప్రకటనలు. కుటుంబమంతా కూర్చుని చూసే సమయం కాబట్టి రక్తపాతం కుదరదు. హంతకుడు శిక్ష తప్పించుకున్నట్టు చూపించడమూ కుదరదు. ఈ రెండో నిబంధనకు హిచ్‌కాక్ ఒక ఉపాయం కనిపెట్టాడు. కథను తనకు నచ్చినట్టు ముగించి, ఆ తర్వాత తెర మీదికి వచ్చి, హంతకుడు ఎలా పట్టుబడ్డాడో రెండు ముక్కల్లో చెప్పేసేవాడు. నిబంధన పాటించినట్టయ్యేది, కథ చెడేది కాదు.

మొదట ప్రసారమైన ఎపిసోడ్ పేరు 'రివెంజ్'. దర్శకత్వం హిచ్‌కాక్‌దే. ఒక భార్య మీద ఎవరో దాడి చేస్తారు. భర్త ఆమెను కారులో తిప్పుతుంటే వీధిలో ఒక మనిషిని చూపించి, వాడే అంటుంది. భర్త వెంట వెళ్లి ఆ మనిషిని చంపేస్తాడు. తిరిగి వస్తుంటే దారిలో ఆమె ఇంకొకణ్ని చూపించి, వాడే అంటుంది. కథ అక్కడితో అయిపోయింది. ఇందులో హంతకుడు భార్యను ప్రేమించే మామూలు భర్త. పదేళ్ల పాటు ఈ సిరీస్ నడవబోయే దారిని మొదటి కథే చూపించింది. హత్య చేయడానికి రాక్షసుడు కానక్కర్లేదు, ఆ క్షణంలో ఇది న్యాయమే అనిపిస్తే చాలు.

1958 ఏప్రిల్‌లో వచ్చిన 'ల్యాంబ్ టు ది స్లాటర్' ఈ దారిలో మరో పెద్ద అడుగు. కథ రోల్డ్ డాల్‌ది. గర్భవతి అయిన మేరీని వదిలేసి వెళ్తానంటాడు పోలీసు అధికారి అయిన భర్త. ఆమె వంటకని ఫ్రీజర్ లోంచి తీసిన గొర్రె తొడతోనే అతని తల మీద కొడుతుంది. అతను చనిపోతాడు. ఆమె ఏడవదు, కంగారు పడదు. ఆ మాంసాన్నే ఓవెన్‌లో పెడుతుంది. దర్యాప్తుకు వచ్చిన పోలీసులు రాత్రంతా ఆయుధం కోసం ఇల్లు గాలించి అలసిపోతే, కూర్చోబెట్టి ఆ మాంసమే వడ్డిస్తుంది. ఆయుధం ఎక్కడో మన ముక్కు కిందే ఉండి ఉంటుందని తింటూ ఒక పోలీసు అంటాడు. పక్క గదిలో ఆమె ముఖం మీద నవ్వు మొదలవుతుంది. తెర మీద ఒక్క రక్తపు చుక్క లేదు. అప్పటిదాకా అమెరికన్ టీవీ ఇల్లాలిని పరిచయం చేసిన వంటింట్లోనే, అదే ఓవెన్ దగ్గర, ఈ నేరం జరిగింది. భయం అక్కడుంది.

ఈ టీవీ అనుభవం మీదే 'సైకో' సినిమా నిలబడింది. హిచ్‌కాక్ దాన్ని తన టీవీ సిరీస్‌కు పనిచేసే బృందంతో, దాదాపు 8 లక్షల డాలర్లలో, నలుపు తెలుపుల్లో తీశాడు. ఛాయాగ్రాహకుడు జాన్ రస్సెల్ ఆ సిరీస్ మనిషే. స్నానాల గదిలో జరిగే హత్య దృశ్యంలో రక్తంగా కనిపించింది చాక్లెట్ సిరప్. కత్తి దిగిన చప్పుడు పుచ్చజాతి కాయను పొడవగా వచ్చింది. 1959 డిసెంబరులో ఆ ఒక్క దృశ్యానికి ఏడు రోజులు పట్టింది.

అందరూ ఆ స్నానాల గదినే గుర్తు పెట్టుకుంటారు. దానికి కాస్త ముందున్న సన్నివేశాన్ని జాగ్రత్తగా చూడాలి. వానలో తడిసి వచ్చిన మేరియన్ అనే అమ్మాయికి మోటెల్ నడిపే నార్మన్ బేట్స్ శాండ్‌విచ్‌లు, పాలు తెచ్చి పెడతాడు. తను తినడు, ఆమె తింటుంటే చూస్తూ మాట్లాడతాడు. మాట తడబడుతుంది. ఆడపిల్లతో మాట్లాడటం చేతగాని కుర్రాడిలా సిగ్గుపడతాడు. వాళ్లమ్మను ఎక్కడైనా చేర్పించకూడదా అని ఆమె అనేసరికి ముందుకు వంగుతాడు, గొంతు గట్టిపడుతుంది. క్షణంలోనే మళ్లీ మామూలైపోతాడు. బ్లాక్ నవలలో నార్మన్ నడివయసు వాడు, లావుపాటి మనిషి, తాగుబోతు. స్క్రీన్‌ప్లే రాసిన జోసెఫ్ స్టెఫానో, హిచ్‌కాక్ కలిసి అతన్ని సన్నగా, చూడముచ్చటగా మార్చి ఆంథనీ పెర్కిన్స్‌ను తీసుకున్నారు. పాత నార్మన్‌ను చూస్తే ఎవరైనా జాగ్రత్త పడతారు. కొత్త నార్మన్‌ను చూస్తే జాలిపడతారు. జాలిపడిన ప్రేక్షకుడే తర్వాత ఎక్కువ వణికాడు.

టీవీ బృందం తీసిన ఈ సినిమాను టీవీలో వేయడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. 1966లో సీబీఎస్ ప్రసార హక్కులు కొంది. ప్రసారానికి కొద్ది రోజుల ముందు ఇల్లినాయిలో సెనేట్‌కు పోటీ చేస్తున్న నాయకుడి కుమార్తెను ఎవరో ఇంట్లోనే పొడిచి చంపారు. సీబీఎస్ మొదట వాయిదా వేసి, చివరికి వద్దే వద్దనుకుంది. తెర మీది హంతకుడికీ వీధిలోని హంతకుడికీ మధ్య దూరం ఎంత తక్కువో ఆ చానల్‌కు అప్పుడు తెలిసొచ్చింది.

తర్వాతి పెద్ద మలుపు 1990 ఏప్రిల్‌లో మొదలైన 'ట్విన్ పీక్స్'. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ సృష్టించిన ఈ సిరీస్‌లో లారా పామర్ అనే హైస్కూల్ అమ్మాయి శవం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. హంతకుడు ఎవరన్నది దేశమంతటికీ ప్రశ్న అయింది. అందులోని బాబ్ అనే పాత్ర పుట్టుక విచిత్రం. ఆ పాత్రలో కనిపించే ఫ్రాంక్ సిల్వా నటుడు కాడు, సెట్లు సర్దే మనిషి. లారా గదిలో సామాను జరుపుతుంటే లించ్ కంట పడ్డాడు. మంచం వెనక నుంచి చూడమని చెప్పి ఒక షాట్ తీశారు. అదే రోజు లారా తల్లి కేకతో లేచి కూర్చునే దృశ్యంలో, వెనక అద్దంలో సిల్వా పొరపాటున కనిపించాడు. షాట్ పాడైందని కెమెరామన్ చెబితే లించ్ దాన్నే ఉంచేశాడు.

బాబ్ భయపెట్టాడు, నిజమే. కానీ 1990 నవంబరు 10న వచ్చిన ఎపిసోడ్‌లో అసలు దెబ్బ తగిలింది. పామర్ ఇంటి హాలు. గ్రామఫోను రికార్డు అయిపోయి ముల్లు ఆఖరి గాడిలో తిరుగుతూ టక్, టక్ మంటూ ఉంటుంది. తల్లి మత్తులో మెట్ల మీద నుంచి నేల మీదికి పాకుతూ వస్తుంది. లారా తండ్రి లేలాండ్ గోడ మీది అద్దం ముందు నిలబడి టై సరిచేసుకుంటూ ఉంటాడు. అద్దంలో బాబ్ ముఖం. ఆ తర్వాత అదే హాల్లో, అదే సోఫాల మధ్య, లేలాండ్ తన మేనకోడలిని చంపుతాడు. లాయరు, ఊళ్లో పరువున్న మనిషి, కూతురు పోయిందని అందరి ముందూ ఏడ్చిన తండ్రి.

లేలాండ్‌ను బాబ్ అనే ఆత్మ ఆవహించిందని కథ చెబుతుంది. కథలోని మనుషులే దాన్ని మింగలేకపోతారు. ఒక తండ్రి సొంత కూతురిని పాడుచేసి చంపాడని నమ్మడం సులువా, ఆత్మ ఆవహించిందని నమ్మడం సులువా అని ఎఫ్‌బీఐ ఏజెంటు కూపర్ షెరిఫ్‌ను అడుగుతాడు. టీవీ చరిత్రలో ఈ ప్రశ్నకు ఉన్న బరువు చాలా పెద్దది. దెయ్యం ఇక్కడ ఊరటగా మారింది. మనిషి చేశాడన్న నిజం మరీ భరించలేనిది కాబట్టి జనం దెయ్యాన్ని పిలుచుకున్నారు.

ఇదే పాఠాన్ని 1995 జనవరి 13న 'ది ఎక్స్ ఫైల్స్' మళ్లీ చెప్పింది. గ్రహాంతరవాసులు, రూపాలు మార్చే జీవులు, శాపాలతో నడిచే ఆ సిరీస్‌లో 'ఇర్రెసిస్టిబుల్' ఎపిసోడ్ మాత్రం మామూలు మనిషిది. డానీ ఫాస్టర్ శవాల పట్ల వికారమైన కోరికలున్నవాడు. రచయిత క్రిస్ కార్టర్ మొదట రాసిన రూపాన్ని ఫాక్స్ చానల్ ప్రమాణాల విభాగం ఒప్పుకోలేదు. సూటిగా చెప్పే వీల్లేక ఆయన కథను వెంట్రుకలు, గోళ్లు సేకరించే మనిషి మీదికి మళ్లించాడు. ఆ అడ్డంకి వల్లే ఎపిసోడ్ మరింత భయంకరమైంది.

ఫాస్టర్‌కు శవసంస్కారాల సంస్థలో ఉద్యోగం పోతుంది. తర్వాత ఇంటింటికీ ఫ్రోజెన్ ఆహారం చేరవేసే పనిలో చేరతాడు. శుభ్రమైన యూనిఫాం, మెత్తటి గొంతు. ఒక ఇంట్లో సరుకు ఇచ్చాక బాత్రూం వాడుకోవచ్చా అని మర్యాదగా అడుగుతాడు. ఆ తల్లి సరేనంటుంది. లోపల చెత్తబుట్టలోంచి ఆమె కూతుళ్ల తలవెంట్రుకలు ఏరుకుంటాడు. ఎవరినీ తాకలేదు, గొంతు పెంచలేదు. కానీ చూసినవాళ్లకు తమ గుమ్మంలోకి వచ్చి వెళ్లే డెలివరీ కుర్రాళ్లంతా గుర్తొస్తారు. ఇందులో భయపడింది ప్రేక్షకులే కాదు. ఎన్నో వింతలు చూసి చలించని ఏజెంటు స్కల్లీ ఈ మనిషి చేతి నుంచి బయటపడ్డాక తోటి ఏజెంటు మల్డర్ భుజం మీద వాలి ఏడుస్తుంది.

అయిదేళ్ల తర్వాత, 2000 జనవరిలో, ఫాస్టర్‌ను మళ్లీ తెచ్చారు. 'ఒరైసన్' అనే ఆ ఎపిసోడ్‌లో అతన్ని నిజంగానే సైతాను అంశగా చూపించారు. మొదటి కథలో స్కల్లీ భయంలో ఒక్క క్షణం అతని ముఖం వికృతంగా మారినట్టు కనిపిస్తుంది. అది ఆమె మనసులోని భయం అనుకునే వీలుంది. రెండోసారి ఆ వీలు తీసేశారు. దాంతో ఫాస్టర్ మన వీధి వదిలి పురాణంలోకి వెళ్లిపోయాడు. రచయితలు తమ చేతులతోనే తమ గొప్ప హంతకుణ్ని తేలిక చేశారు.

2013లో ఎన్‌బీసీలో వచ్చిన 'హానిబల్' మర్యాదను చివరి అంచు దాకా తీసుకెళ్లింది. మ్యాడ్స్ మికెల్సెన్ పోషించిన డాక్టర్ లెక్టర్ మనోవైద్యుడు, వంటలో దిట్ట. ఎఫ్‌బీఐ అధికారిని ఇంటికి పిలిచి విందు పెడతాడు. అతిథి ఎంత రుచిగా ఉందో అంటూ తింటాడు. పళ్లెంలో ఉన్నది మనిషి మాంసమని మనకు తెలుసు, అతనికి తెలియదు. జానిస్ పూన్ అనే ఫుడ్ స్టయిలిస్ట్ ఆ పళ్లేలను ఎంత అందంగా తీర్చిందంటే చూస్తుంటే నోరూరుతుంది, మరుక్షణం ఆ నోటినే చూసి అసహ్యమేస్తుంది. ఈ సిరీస్ విషయంలోనూ చానల్ నిబంధనలు విచిత్రంగా పనిచేశాయి. వీపు చర్మం ఒలిచి దేవదూతల రెక్కల్లా నిలబెట్టిన శవాలకు అభ్యంతరం రాలేదు, వాటి పిరుదులు కనిపించడం తప్పన్నారు. ఆ చోట ఇంకాస్త రక్తం పోసి కప్పామని సృష్టికర్త బ్రయాన్ ఫుల్లర్ చెప్పాడు.

ఈలోగా ఇంకో దారి తెరుచుకుంది. 1970ల చివర నుంచి ఎఫ్‌బీఐలోని రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్లకు వెళ్లి వరస హంతకులతో మాట్లాడారు. డగ్లస్ 1995లో రాసిన పుస్తకం ఆధారంగా 2017లో 'మైండ్‌హంటర్' వచ్చింది. అందులో ఎడ్మండ్ కెంపర్‌గా కామెరన్ బ్రిటన్ కూర్చుని మాట్లాడతాడంతే. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, చేతులకు సంకెళ్లు, మెత్తటి మాట. వచ్చిన ఏజెంటుకు గుడ్డు శాండ్‌విచ్ తెప్పించి తినమని బలవంతం చేస్తాడు. నిజజీవితంలోని కెంపర్ 1972, 73 సంవత్సరాల్లో హత్యలు చేస్తూనే శాంటా క్రూజ్‌లో పోలీసులు కూర్చునే బార్‌కు వెళ్లి వాళ్లతో స్నేహం చేశాడు. తానే ఫోన్ చేసి నేరం ఒప్పుకుంటే పోలీసులు మొదట నమ్మలేదు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. కెంపర్ చంపిన అమ్మాయిలు కల్పిత పాత్రలు కారు. 2022లో నెట్‌ఫ్లిక్స్ జెఫ్రీ డామర్ అనే వరస హంతకుడి మీద సిరీస్ తీసినప్పుడు హతుల కుటుంబాలు తమ గాయాన్ని మళ్లీ కెలికారని బాధపడ్డాయి. 2025 అక్టోబరులో అదే వరసలో ఎడ్ గీన్ కథ వచ్చింది. హంతకుడి ముఖాన్ని ఎంత దగ్గరగా చూపితే హతుల ముఖాలు అంత మసకబారే అలవాటు టీవీకి పట్టుకుంది. భయం పుట్టించడం కళే. కానీ చనిపోయిన మనిషికి ఒక పేరు, ఒక రోజువారీ జీవితం ఇవ్వని సిరీస్‌లో భయం నిలవదు, వేడుక మిగులుతుంది. 'ట్విన్ పీక్స్' ఇప్పటికీ గుర్తుండటానికి కారణం బాబ్ కంటే లారానే.

మన దగ్గర ఈ సంప్రదాయం వేరే దారిలో నడిచింది. కేబుల్ టీవీ కొత్తలో, 1993లో, రామ్సే సోదరుల 'జీ హారర్ షో' మొదలై దెయ్యాలను ఇంట్లోకి తెచ్చింది. తెలుగువాళ్లకు మనిషి హంతకుడి రుచి అంతకుముందే సినిమాలో తెలుసు. 1985లో వంశీ తీసిన 'అన్వేషణ'లో అడవిలో జరిగే చావులన్నీ పులి ఖాతాలో పడతాయి. పులి వెనక మనిషి ఉన్నాడన్న అనుమానం మొదలయ్యాక ఆ అడవి ఇంకా చిక్కబడుతుంది. 2021లో ఓటీటీలో నేరుగా వచ్చిన 'మా ఊరి పొలిమేర'లోనూ చేతబడి చుట్టూ కథ తిరుగుతుంది. భయం మాత్రం ఊళ్లో అందరికీ తెలిసిన ఒక ఆటో డ్రైవరు చుట్టూ చేరుతుంది. పులి, చేతబడి రెండూ మనిషి తన తప్పు దాచుకోవడానికి వాడుకున్న పేర్లే.

ఇప్పుడు తెలుగులో థ్రిల్లర్ సిరీస్‌లు ఎక్కువయ్యాయి. రాసేవాళ్లకు ఒక విన్నపం. హంతకుడికి ముసుగు, వికటాట్టహాసం, చిన్నప్పటి గాయం గురించి చివర్లో పది నిమిషాల ఉపన్యాసం ఇచ్చే బదులు ఒక ఉద్యోగం ఇవ్వండి, కాలనీలో ఒక ఇల్లు ఇవ్వండి, పొరుగువాళ్లతో మంచీ చెడూ మాట్లాడనివ్వండి. అతని చేతిలో పోయిన మనిషికి అతనికి ఇచ్చినంత సమయమూ ఇవ్వండి. హిచ్‌కాక్ బృందానికి 1955లో అరగంట, కొద్దిపాటి డబ్బు మాత్రమే ఉన్నాయి. మనకు అంతకంటే చాలా ఎక్కువే ఉంది.